వేళ్ళు వంకర తిరిగేది వంశం వల్లనేనా?

ముదిగొండ: సంక్రాంతి దాటిందంటే ముదిగొండ పరిసర గ్రామాలలో మిరప చేలు కూలీలతో నిండిపోతాయి. తెల్లవారకముందే సద్ది కట్టుకుని ఆటోలలోనూ, ట్రాక్టర్లలోనూ చేలకు చేరే ఆడకూలీలకు ఆ మూడు నాలుగు నెలల సంపాదనే ఏడాదికంతటికీ ఆధారం. భద్రాచలం వైపు అడవి పల్లెల నుంచి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుల నుంచి కూడా గిరిజన కూలీలు పిల్లాపాపలతో దిగుతారు. కాయను పట్టి తొడిమతో తుంచేది రెండు వేళ్ళు. ఆ వేళ్ళలో సత్తువ ఉన్నంతవరకే కూలి.

అటువంటి మనిషికి ఒకనాడు లేచేసరికి పిడికిలి బిగుసుకోదు. చెంబు పట్టు చిక్కదు, జడ అల్లుకోవడం కుదరదు. వేడినీళ్ళలో చేతులు ముంచి గంటసేపు కూర్చుంటే తప్ప వేళ్ళు కదలవు. ఎండ ఎక్కేసరికి కొంత తేలిక పడుతుంది గనుక ఆమె పనికి పోతూనే ఉంటుంది. మరునాడు మళ్ళీ అదే వరస. ఊళ్ళో దీనిని "వాతం" అంటారు. "మా అమ్మకూ ఇట్లనే ఉండె, మాకు వంశంల ఉన్నది" అని సరిపెట్టుకుంటారు. ఈ ఒక్క మాట రెండు విధాలుగా చెరుపు చేస్తున్నది. వంశంలో ఉన్నదానికి మందేమి ఉంటుందని కొందరు వైద్యానికే పోరు. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లోనైతే సంగతి బయటికి పొక్కనీయరు. ఈ లోగా కీలు అరిగిపోతుంది.

వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పిలిచే ఈ కీళ్ళవాతం అరుదైన జబ్బేమీ కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంత గ్రామాలలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ఇంటింటికీ తిరిగి జరిపిన సర్వే ఫలితాలు 1993లో వెలువడ్డాయి. వయోజనులలో 0.75 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు వారు తేల్చారు. మహారాష్ట్రలోని భిగ్వాన్ గ్రామంలో 1996లో మొదలైన సర్వేలో సుమారు అర శాతం మందిలో కనిపించింది. ఈ లెక్కన వెయ్యిమంది పెద్దవాళ్ళున్న ఊరిలో అయిదు నుంచి ఎనిమిది మందికి ఈ జబ్బు ఉండవచ్చు. మగవారి కంటె ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అదీ ఎక్కువగా ముప్ఫై నుంచి యాభై ఏళ్ళ మధ్య, అంటే ఇంటి బరువంతా మీద ఉన్న వయసులో పట్టుకుంటుంది.

ముసలితనంలో మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. అరుగుదల నొప్పి పని చేసినకొద్దీ పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది. ఈ వాతం పడుకుని లేచినప్పుడే ఎక్కువ. రెండు చేతులకూ ఒకే తీరున, వేళ్ళ మొదటి కణుపుల దగ్గర, మణికట్టు దగ్గర వాపు వస్తుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారితప్పి తన కీళ్ళ పొరల మీద తానే దాడికి దిగడం దీనికి మూలం. కావలి కుక్క ఇంటివారినే కరిచినట్లన్నమాట.

కవలల సాక్ష్యం

వంశం మాటలో నిజమెంత? దీనికి కవల పిల్లలే గట్టి సాక్షులు. ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు అచ్చుగుద్దినట్లు ఒకటే. జబ్బు కేవలం జన్యువుల వల్లనే వచ్చేదైతే ఒకరికి వస్తే రెండవవారికీ వచ్చి తీరాలి. బ్రిటన్‌లో కవలలను పరిశీలించి 1993లో ప్రకటించిన ఫలితాల ప్రకారం అలా రెండవవారికీ వచ్చినది నూటికి 15 జంటలలోనే. మిగిలిన 85 జంటలలో ఒకరి వేళ్ళు వాచినా రెండవవారి చేతులు శుభ్రంగా ఉన్నాయి. వేర్వేరు పిండాల నుంచి పుట్టిన కవలలలోనైతే ఈ సంఖ్య నాలుగు లోపే.

పదిహేనుకూ నాలుగుకూ ఉన్న తేడాయే జన్యువుల పాత్రను చెబుతున్నది. ఆ ఎనభై అయిదు మంది సంగతి మాత్రం జన్యువు ఒక్కటే చాలదని చెబుతున్నది. అమ్మకు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. మూడు రెట్లు అనేసరికి గుండె గుభేలుమంటుంది గాని, అసలు లెక్క చూస్తే వెయ్యికి ఏడెనిమిది మంది బదులు ఇరవై పైచిలుకు. మిగిలిన తొమ్మిది వందల డెబ్బయి చిల్లర మందికి ఏమీ కాదు. సంబంధం వచ్చిన ఇంట్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

ఆరవ జత రహస్యం

మనిషి కణాలలో ఉండే 23 జతల క్రోమోజోములలో ఆరవ జతపై హెచ్.ఎల్.ఎ. అనే జన్యువుల గుంపు ఉంది. శరీరంలో దొరికిన ప్రతి తునకనూ పళ్ళెంలో పెట్టి "ఇది మనదా, పరాయిదా చూడు" అని రక్షణ కణాలకు చూపించడం వీటి పని. పళ్ళెం ఆకారం మనిషి మనిషికీ తేడా. ఆ తేడా వల్లనే ఒకే ఊరిలో ఒకే నీళ్ళు తాగేవారిలో ఒకరు ఒక జబ్బుకు లొంగితే, మరొకరు లొంగరు.

రుమటాయిడ్ రోగులలో డి.ఆర్.4 అనే రకం పళ్ళెం ఎక్కువగా ఉందని అమెరికాలోని పీటర్ స్టాస్ట్‌నీ 1978లో చూపారు. అయితే అది లేనివారికి కూడా జబ్బు వస్తుండటంతో చిక్కుముడి పడింది. 1987లో గ్రెగర్సన్, సిల్వర్, వించెస్టర్ అనే ముగ్గురు దానిని విప్పారు. పేర్లు వేరైనా ఈ పళ్ళేలన్నింటిలో ఒకే చోట, 70 నుంచి 74 వరకు గల అయిదు అమైనో ఆమ్లాల వరస దాదాపు ఒకే తీరుగా ఉందని వారు గుర్తించారు. కొంచెం రూపు మారిన సొంత మాంసకృత్తులను ఈ పళ్ళెం ఎక్కువ గట్టిగా పట్టి చూపించడంతో రక్షణ కణాలు వాటిని శత్రువులుగా పొరబడుతున్నాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి. అలా పుట్టే ప్రతికణాలనే నేడు యాంటీ సి.సి.పి. పరీక్షతో పట్టుకుంటున్నారు. చిన్న ల్యాబులలో చేసే ఆర్.ఎ. ఫ్యాక్టర్ ఒక్కటే నమ్మదగినది కాదు. ఆరోగ్యంగా ఉన్న కొందరు వృద్ధులలోనూ అది పాజిటివ్ అని వస్తుంది, రోగులలో కొందరికి రాదు.

అక్కడి లెక్క ఇక్కడ చెల్లదు

ఇక్కడే ఒక ముఖ్య విషయం ఉంది. 2004లో పి.టి.పి.ఎన్.22 అనే జన్యువులోని ఒక మార్పు ఈ జబ్బుకు దారి తీస్తుందని తెల్లజాతి రోగులలో కనుగొన్నప్పుడు పెద్ద సంచలనం కలిగింది. హెచ్.ఎల్.ఎ. తరువాత అంత గట్టి ఆధారం మరొకటి లేదన్నారు. తీరా చూస్తే ఆ మార్పు జపాన్, చైనా వారిలో లేనే లేదు, భారతీయులలోనూ బహు అరుదు. అది లేకుండానే మనవారికి జబ్బు వస్తున్నది. భారతీయ రోగులలో డి.ఆర్.4తో పాటు డి.ఆర్.10 రకానికి కూడా ప్రాధాన్యం కనిపించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.కె.థెల్మా నాయకత్వాన జరిగిన పరిశోధనలలో, పాశ్చాత్యుల జాబితాలోని పలు గుర్తులు ఉత్తర భారత రోగులకు సరిపోలేదని 2012లో వెల్లడైంది. మరుసటి సంవత్సరం అదే బృందం ఎ.ఆర్.ఎల్.15 అనే కొత్త జన్యువును ఉత్తర భారతీయులలో గుర్తించింది.

ప్రపంచం మొత్తం మీద 2014 నాటికి 101 చోట్ల, 2022 నాటికి 124 చోట్ల ఈ జబ్బుతో సంబంధం గల జన్యు తేడాలు లెక్కకు వచ్చాయి. ఒక్కొక్కటి చేసేది ఆవగింజంత. 2022 నాటి అధ్యయనంలో రెండు లక్షల 76 వేల మంది వివరాలుండగా, అందులో దక్షిణాసియా వారిది కొద్దిభాగం మాత్రమే. విదేశీయుల రక్తంతో తయారైన పట్టికను పట్టుకుని ఉమ్మి నమూనా చూసి "మీకు ఇంత శాతం ప్రమాదం" అని చెప్పే పరీక్షలకు పట్నాలలో గిరాకీ పెరుగుతున్నది. ముదిగొండ మనిషికి ఆ అంకె ఎంతవరకు అన్వయిస్తుందో ఊహించుకోవలసిందే. ఈ జబ్బును నిర్ధారించడానికి డాక్టర్లు జన్యు పరీక్ష అడగరు. వేళ్ళు పట్టి చూసి, రక్తపరీక్షలు చేయించి చెబుతారు.

మన జన్యువుల తీరు వేరుగా ఉండడానికి కారణాన్ని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కె.తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు హార్వర్డ్ వారితో కలిసి 2009లో వివరించారు. కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం వేల ఏళ్ళుగా సాగడంతో ఇక్కడ ఒక్కొక్క సమూహం ఒక్కొక్క దీవిలా మిగిలిపోయింది. కొద్దిమంది పూర్వీకులలో ఉన్న ఒక లోపం ఆ సమూహమంతటా విస్తరిస్తుంది. వైశ్యులలో కొందరికి ఆపరేషను సమయంలో ఇచ్చే ఒక కండరాల మందు త్వరగా విరగకపోవడం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ.

మేనరికం మాటేమిటి?

కీళ్ళవాతం అనగానే మేనరికాన్ని ఆడిపోసుకోవడం పరిపాటి. పెద్దవారికి వచ్చే రుమటాయిడ్ వాతం వందకు పైగా చిన్న చిన్న తేడాల కలయిక గనుక దానిని మేనమామకు అంటగట్టలేము. అయితే చూపుకు అచ్చం దీనిలాగే ఉండి, నిజంగానే మేనరికంతో ముడిపడిన జబ్బు మరొకటి ఉంది. మూడు నుంచి ఎనిమిది ఏళ్ళ మధ్య పిల్లలకు వేళ్ళ కణుపులు లావెక్కుతాయి, నడక మారుతుంది, తుంటి కీళ్ళు బిగుసుకుంటాయి. జ్వరం ఉండదు. రక్తపరీక్షలో వాపు గుర్తులు కనబడవు. మృదులాస్థి తయారీకి అవసరమైన ఒక్క జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడి రావడమే కారణమని 1999లో తేలింది. దీనిని కీళ్ళవాతంగా పొరబడి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు మింగించడం జరుగుతూ వచ్చింది. వాటి వల్ల పిల్లల ఎదుగుదల దెబ్బతినడం తప్ప ఒరిగేది లేదు.

హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, సి.డి.ఎఫ్.డి.కి చెందిన డాక్టర్ అశ్విన్ దలాల్, ఆయన సహచరులు భారతీయ కుటుంబాలలో ఈ జన్యువును పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఒక బిడ్డకు వచ్చిన ఇంట్లో మరు కానుపుకు ముందే సలహా తీసుకునే వీలు ఇందువల్ల కలిగింది. ఇద్దరూ ఆ లోపాన్ని మోసేవారైతే ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. వంశం అనే మాట పూర్తిగా వర్తించేది ఇక్కడ.

అడవి పల్లెల నుంచి వచ్చే కూలీల బిడ్డల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కోయలు తదితర గిరిజనులలో కనిపించే సికిల్‌సెల్ వ్యాధి కూడా ఎముకల, కీళ్ళ నొప్పులతోనే బయటపడుతుంది. పసిపిల్లలకు చేతులు, పాదాలు పొంగుతాయి. ఎర్రకణం కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలలో ఇరుక్కోవడం వల్ల వచ్చే నొప్పి అది. ఒక పాలు మాత్రమే మోసేవారికి మలేరియా నుంచి రక్షణ ఇచ్చినందున మలేరియా అడవులలో ఈ లోపం తరతరాలుగా నిలిచిపోయింది. ఒకే జన్యువు ఒక జబ్బుకు డాలుగా, మరొక జబ్బుకు ద్వారంగా పనిచేయడానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ప్రారంభించిన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాలలో రక్తపరీక్షలు చేపట్టారు. కోతల కోసం మైదానానికి వచ్చిన పిల్లవాడు కాళ్ళు పట్టుకుని ఏడిస్తే వాతం నూనె రాసి ఊరుకోరాదు.

ఇవి చాలవన్నట్లు 2006లో రాష్ట్రాన్ని ఊపేసిన చికున్‌గున్యా ఒకటి. ఆ జ్వరం తగ్గాక నెలల తరబడి కీళ్ళు పట్టేయడంతో, అప్పటినుంచి ఏ కీలు నొచ్చినా దానిమీదికి నెట్టేయడం అలవాటైపోయింది.

బీడీ పొగ, రాతి పొడి

జన్యువు తుపాకిలో మందు కూరితే మీట నొక్కేది మరొకటి కావాలి. వాటిలో నిర్ధారణగా తెలిసినది పొగ. స్వీడన్‌లో లార్స్ క్లారెస్కాగ్ బృందం 2006లో ప్రకటించిన దాని ప్రకారం, పైన చెప్పిన పళ్ళెం రెండు పాళ్ళూ ఉండి పొగ తాగేవారికి యాంటీ సి.సి.పి. రకం జబ్బు వచ్చే ప్రమాదం, అవేవీ లేనివారి కంటె 21 రెట్లు. పొగ వల్ల ఊపిరితిత్తులలోని మాంసకృత్తులు రూపు మారడం, ఆ రకం పళ్ళెం వాటిని పట్టి చూపించడం, రక్షణ కణాలు రెచ్చిపోవడం వరసగా జరుగుతాయని వారి అభిప్రాయం. వేళ్ళకు వచ్చే జబ్బుకు బీజం ఊపిరితిత్తులలో పడుతుందన్నమాట. భద్రాచలం అడవులలో వేసవిలో తునికాకు కోసి కట్టలు కట్టేవారి చేతుల మీదుగా పోయే ఆకే బీడీగా తిరిగి ఊళ్ళకు వస్తున్నది.

రెండవది రాతి పొడి. 1953లో వేల్స్ బొగ్గుగని కార్మికులలో ఊపిరితిత్తుల మచ్చలు, కీళ్ళవాతం కలిసి ఉండటాన్ని ఆంథొనీ కాప్లన్ అనే డాక్టరు గమనించారు. స్వీడన్ పరిశోధనలలోనూ రాతి దుమ్ములోని సిలికా పీల్చే పనివారికి ఈ జబ్బు ఎక్కువని తేలింది. పొగ కూడా తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. ఖమ్మం చుట్టుపట్ల గ్రానైటు పరిశ్రమ వేలమందికి అన్నం పెడుతున్నది. గ్రానైటులో సిలికా దండిగా ఉంటుంది. రాయి కోసేటప్పుడు నీళ్ళు పారించడం, ముక్కుకు సరైన మాస్కు కట్టడం ఊపిరితిత్తుల కోసమే అనుకుంటారు గాని, కీళ్ళ కోసం కూడాను. తండ్రి నుంచి వచ్చిన జన్యువును ఎవరూ మార్చుకోలేరు. బీడీని ఆర్పడం, దుమ్మును తడపడం మనిషి చేతిలో పనులే.

తెలుగువాడి మందు

ఈ జబ్బుకు నేడు ప్రపంచమంతటా మొదటగా వాడే మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో ఒక తెలుగువాడి చేయి ఉందని ఆ మాత్ర మింగేవారిలో ఎందరికి తెలుసు? 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. యౌవనంలో సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో మరణించడం ఆయన మనస్సులో నాటుకుపోయింది. ఆ జబ్బుకు పనికి వచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసింది. దానికి ఎదురు పనిచేసే పదార్థాలను కూడా వారే తయారు చేశారు. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు వెల్లడించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. 1951లో అమినోప్టెరిన్ కీళ్ళవాతానికి కూడా పనిచేస్తుందని కనుగొన్నారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు వాడేందుకు అమెరికా ప్రభుత్వ సంస్థ 1988లో అనుమతి ఇచ్చింది. ఈ మందు వాడేవారికి దుష్ఫలితాలు తగ్గేందుకు ఇచ్చే మాత్ర మరేదో కాదు, ఫోలిక్ ఆమ్లమే. విరుగుడూ, మందూ ఒకే ప్రయోగశాల బిడ్డలు.

మందు చవకైనదే, ఖరీదైనది కాలమే. వాపు మొదలైన కొద్ది నెలలలోనే వైద్యం అందితే కీలు నిలుస్తుంది. ఏడాది రెండేళ్ళు దాటితే అరిగిన ఎముక తిరిగి రాదు. ఆ కాలం కాస్తా పొట్లాలలో కట్టి ఇచ్చే మాత్రల మీద గడిచిపోతున్నది. పేరు చెప్పకుండా ఇచ్చే పొట్లంలో స్టెరాయిడ్ ఉంటే రెండు పూటలలోనే నొప్పి మాయమవుతుంది, మనిషి మరుసటి రోజు మిరప చేలో ఉంటుంది. డాక్టరు చేయి మంచిదన్న పేరు వస్తుంది. ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, ఎముకలు గుల్లబారిన తరువాత గాని సంగతి తెలియదు. డాక్టర్లు స్టెరాయిడ్ అసలే వాడరని కాదు. అసలు మందు పని ప్రారంభించే వరకు కొద్ది మోతాదులో, కొద్ది రోజులు ఇస్తారు. మెథోట్రెక్సేట్ ప్రభావం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పది రోజులు వాడి గుణం లేదని మానేసేవారు ఇందుకే ఎక్కువ.

ఉదయం బిగుసుకుపోవడం అరగంటకు మించి ఉండి, చేతి చిన్న కీళ్ళ వాపు ఆరు వారాలైనా తగ్గకుంటే ఖమ్మంలోని పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకోవలసిందే. ఈ జబ్బుకు ప్రత్యేక విభాగం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. పూర్వం నిజాం ఎముకల ఆసుపత్రిగా పేరొందినది ఆ సంస్థే.

ఇక పెళ్ళికూతురి విషయం. జబ్బును దాచి పెళ్ళి చేసిన పిల్ల అత్తవారింట్లో మందు దాచుకుని మింగవలసి వస్తుంది, లేదా మానివేయవలసి వస్తుంది. మొదటిది మరీ ప్రమాదం. మెథోట్రెక్సేట్ కడుపులోని పిండానికి హాని చేస్తుంది గనుక, బిడ్డను కోరుకునే ముందు కనీసం మూడు నెలలకు మునుపే డాక్టరుకు చెప్పి మానివేయాలి. ఆ కాలంలో వాడదగిన వేరే మందులు ఉన్నాయి. జబ్బు అదుపులో ఉన్న స్త్రీలు సలక్షణంగా బిడ్డలను కంటున్నారు, పెంచుకుంటున్నారు. భర్తకు తెలిస్తే గాని ఇది సాధ్యపడదు.

మరొక హెచ్చరిక డాక్టర్లు పదే పదే చేస్తుంటారు. ఈ మాత్ర వారానికి ఒకే రోజు వేసుకోవలసినది. ఇతర మాత్రల మాదిరిగా రోజూ వేసుకున్నవారికి నోరు పొక్కి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇన్నాళ్ళకొకసారి రక్తపరీక్ష, లివర్ పరీక్ష తప్పనిసరి. మందు చీటీపై ఫలానా వారం అని తెలుగులో రాయించుకోవాలి. చదువురానివారు ఇంట్లో బడికి పోయే పిల్లలచేత క్యాలెండర్‌లో ఆ వారం మీద సున్న చుట్టించుకుంటే సరిపోతుంది.